కార్డు ముందు టేబుల్ ఫ్యాను

అన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. గద్వాలలో మళ్లీ ఎండలు మండుతున్నాయి. నీ కంప్యూటర్ పక్క మూత తీసి, లోపలి గ్రాఫిక్స్ కార్డు వేగం ఇవాళ నేనే పెంచాను. నువ్వు నేర్పినట్టే కొంచెం పెంచడం, గేమ్ ఆడి వేడి చూసుకోవడం, తెర మీద గీతలొస్తే కాస్త తగ్గించడం.

కార్డు కాలిపోతోందని నోరు జారాను. నాయిన బోరు మోటారుకు కప్పే తడి గోనెసంచి పట్టుకొచ్చాడు.

"జరుగురా, జర కప్పితె సల్లబడ్తది!"

కంప్యూటరుకు అడ్డంపడి ఆపాను.

అమ్మ మాత్రం, ఇన్నాళ్లూ ఎవరినీ ముట్టనివ్వని నీ టేబుల్ ఫ్యాను తెచ్చి కార్డు ముందు పెట్టింది. వేడి దిగింది. గీతలు రాలేదు.

ఆటయ్యాక కంప్యూటర్ ఆపి, ఫ్యాను స్విచ్చు మీద చెయ్యి వేశాను.

"ఉండనియ్యి బిడ్డా," అంది అమ్మ. "మీ అన్నకు ఉడుకపోస్తె నిద్రపట్టదు."