బుధవారం వంట

ఏమండీ,

ఎలా ఉన్నారు? ఇక్కడ మళ్ళీ చలికాలం వచ్చింది. మీరు వెళ్ళిపోయి ఏడాది దాటింది. సంవత్సరీకం అయ్యేదాకా ఇంట్లో ఏదో ఒక పని ఉండేది. ఇప్పుడు ఆ పనులు కూడా లేవు...

మీకు చెప్పాల్సినవి ఉన్నాయి. వరుసగా చెప్తాను. వరుస తప్పితే నాకు ఊపిరాడదని మీకు తెలుసు.

ముందు అంగడి సంగతి. మీ తమ్ముడు చలపతి కుప్పం నుంచి వచ్చి మాట్లాడి, మన నూనె అంగడిని బాడుగకు ఇచ్చాడు. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు, రీఛార్జి కార్డులు అమ్ముతున్నారు. తీసుకున్నాయన మొన్న ఎదురుపడి, సోడా వేసి ఎన్నిసార్లు కడిగినా నేల జిడ్డు పోవడం లేదని వాపోయాడు. నాకెందుకో సంతోషమేసింది. చెప్పకూడదు గానీ.

ఇంట్లో ఉండేది నేనూ, అత్తమ్మా. పిల్లలు లేని ఇల్లు కదా... ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ ఉన్నాం.

అసలు విషయం అత్తమ్మ గురించే. ఆమె అన్నం తినడం లేదండీ.

మొదట నా వంట వల్లే అనుకున్నాను. ఎవరైనా అదే అనుకుంటారు. మీకు గుండెనొప్పి వచ్చి బెంగళూరు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చిన రోజు గుర్తుందా? మదనపల్లెలో బస్సు దిగి, ఇంటికి కూడా రాకుండా, బస్టాండు దగ్గర పుస్తకాల అంగట్లో గుండెజబ్బువాళ్ళ వంటల పుస్తకం కొన్నాను. పచ్చ అట్టది. పెళ్ళప్పుడు పుంగనూరు నుంచి నాతో తెచ్చుకున్న పాత వంటల పుస్తకాన్ని, ఆ అట్ట ఊడిపోయినదాన్ని, గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశాను. మీ కంట పడకూడదని. వంకాయ కూర ఉన్న పేజీకి నూనె అంటి అద్దంలా అయిపోయి ఉండేది కదా... ఆ పేజీ చూస్తే చాలు, మీకు ఆకలి వేసేది.

ఇంట్లో రెండు రకాల వంట చేస్తే వాసనకు మీ మనసు లాగుతుందని ముగ్గురికీ ఒకటే వంట చేశాను. ఉప్పు చిటికెడు, నూనె చెంచాతో కొలిచి. పాపం అత్తమ్మ కూడా అదే తిన్నారు. మీరు ఆ పచ్చ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "దీన్ని రాసినాయప్ప జన్మలో సంగటి తిన్నట్ట లేడే సరోజా" అన్నారు. "ఊరందరికీ నూనె పోసేవాణ్ణి, నాకు మాత్రం చెంచాతో కొలుస్తాండావు" అని కూడా అన్నారు. అని, తినేశారు. ఎంత బుద్ధిగా తింటున్నారో అనుకున్నాను...

ఇక వ్యాయామం. ఆసుపత్రిలో ఫిజియోథెరపీ చేయించిన ఆ కేరళ అమ్మాయి నేర్పిందే. ఏ పరికరమూ అక్కర్లేదు, ఇంట్లో గోడా కుర్చీ ఉంటే చాలంది. చేతులు గోడకు ఆనించి, ముందుకు వంగి, మళ్ళీ నెట్టుకుని వెనక్కి రావడం. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం. మడమలెత్తి మునివేళ్ళ మీద నిలబడటం. మీరప్పుడు, "గోడ ఉండాది, కుర్చీ ఉండాది. మనిషిని మాత్రం నువ్వే కాపాడుకోవాల" అని నవ్వారు.

కాపాడుకుంటాననే అనుకున్నాను.

పొద్దున్నే మీ పక్కన నిలబడి లెక్క పెట్టేదాన్ని. నేను కాఫీ కోసం లోపలికి వెళ్తే మీరు ఏడు తర్వాత తొమ్మిది అనేవారు. వంటింట్లోంచి విని నేను మళ్ళీ ఎనిమిది నుంచి మొదలుపెట్టించేదాన్ని. అత్తమ్మ మంచం మీద కూర్చుని, "ఏం నాయినా, ఆ గోడ నీకేం పాపం చేసింది, పొద్దున లేస్తే నూకుతావు?" అని ఎగతాళి చేసేవారు.

అన్నీ పుస్తకంలో ఉన్నట్టే చేశాను. డాక్టరు చెప్పినట్టే చేశాను. ఒక్క మాత్ర తప్పలేదు. అయినా ఒక గురువారం పొద్దున అంగట్లో ఎవరికో నూనె కొలుస్తూ మీరు అలాగే ఒరిగిపోయారు. ఎక్కడ తప్పింది? ఏడాదిగా నన్ను తినేస్తున్నది ఈ ఒక్క ప్రశ్నే. నెలాఖరున ఇంటి లెక్క సరిపోకపోతే రూపాయి ఎక్కడ పోయిందో దొరికేదాకా లేవను నేను. ఇంత పెద్ద లెక్క తప్పితే, ఎక్కడని వెతకను?

మీరు పోయాక కూడా నేను ఆ చప్పిడి వంటే వండుతూ వచ్చాను. కావాలని కాదు. నూనె గిన్నె వంచబోతే చెయ్యి ఆగిపోతుంది. అలవాటో, భయమో... ఎవరి కోసం ఇంకా?

అత్తమ్మ మాత్రం రోజురోజుకీ తగ్గించేశారు. రెండు ముద్దలు, ఒక ముద్ద. తర్వాత మజ్జిగ మాత్రమే. చలపతి వచ్చి చూసి కంగారు పడ్డాడు. "నువ్వు చేసేది మందుకూడు వదినా. అమ్మ ఎట్ల తింటాది?" అని కుప్పం తీసుకెళ్ళాడు. నిజమే కదా. అతని భార్య ప్రమీల చేతి వంట మీకు తెలుసు. నూనె తేలుతూ, కారంగా, ఎంత బాగుంటుందో.

నెల తిరక్కుండా ప్రమీల ఫోన్ చేసింది. "అక్కా, అత్త ఈడా తినడం లేదు. కంచం ముందర పెట్టుకోని సూస్తా కూర్చుంటాది. నిన్న కోడిగుడ్డు పులుసు చేసినా. వాసన సూసి లేసి పోయింది" అంది. చలపతి మళ్ళీ తెచ్చి దింపాడు. పోయినప్పటి కంటే చిక్కిపోయి వచ్చారు. రవికె భుజాల మీద నిలవడం లేదు.

అంటే ఉప్పు కాదు. నా వంట కాదు. మరేమిటి? ఇక్కడి డాక్టరుకు చూపించాను. జబ్బేమీ లేదు, వయసు, దిగులు అన్నాడు. టానిక్ రాశాడు. తాగించాను. ఏం లాభం...

హాల్లో గోడకు ఈ ఏడు సున్నం వేయించలేదు నేను. మీ చేతి గుర్తులున్నాయక్కడ. నూనె అంగట్లో ఉండే చేతులు, ఎంత కడిగినా పోవు కదా. గోడ నెట్టీ నెట్టీ రెండు అరచేతులు పసుపుగా పడిపోయాయి. వాటిని తుడవకుండా చుట్టూ మాత్రం దులిపేదాన్ని. ఆ మధ్య దులుపుతుంటే, వాటి కిందగా ఇంకో జత కనిపించింది. చిన్న చేతులు. నావి కావు.

బుధవారాలు నేను పుంగనూరు వెళ్ళడం ఇంకా మానలేదు. తుంటి విరిగిన దగ్గర్నుంచీ మా అమ్మ మంచంలోనే ఉంది, తలస్నానం నేను చేయిస్తేనే చేయించుకుంటుంది. ఆ వారం మా పిన్ని వచ్చి ముందే తలకు పోసేసింది. నేను ఎప్పుడూ సాయంత్రం వచ్చేదాన్ని, మధ్యాహ్నమే వచ్చేశాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసి చూస్తే, అత్తమ్మ కొంగు నడుముకు దోపుకుని, గోడకు చేతులు ఆనించి, వంగుతూ లేస్తూ ఉన్నారు. నోట్లో లెక్క. కాళ్ళు వణుకుతున్నాయి. చెమట.

"ఏంది అత్తమ్మా ఇది? తిండి లేని మనిషి ఇట్ల చేస్తే పడిపోరా?" అన్నాను.

"ఏం లేదులేమ్మా. చేతులు పట్టుకున్న్యాయి" అని వెళ్ళి మంచం మీద ముడుచుకున్నారు.

నాకు అర్థం కాలేదు. ఏం చేయాలో తోచనప్పుడు నేను చేయగలిగింది ఒకటే, వండటం. మరుసటి రోజు సంతలో గింజ ముదిరిన అనపకాయలు కొన్నాను. బీరువా తీసి, గుడ్డ విప్పి, పాత పుస్తకం బయటకు తీశాను. గింజలు వలిచి రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటీ పితికి తోలు తీశాను. పితికిపప్పు. ఆమెకు ప్రాణం, మీకూ ప్రాణం. కళ్ళు మూసుకుని నూనె పోశాను. చెంచాతో కాదు, గిన్నెతో. రాగి సంగటి ముద్ద పెట్టి, మధ్యలో గుంట చేసి కూర పోసి ఆమె ముందు పెట్టాను.

అత్తమ్మ కంచం వైపు చూసి, దాన్ని మెల్లగా పక్కకు జరిపారు.

"దీన్ని నా చేత్తో నేనే పెట్టినానమ్మా వానికి" అన్నారు.

నేను గరిటె పక్కన పెట్టి ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"నువ్వు పుంగనూరు బస్సెక్కినాక వాడు అంగడి మూసి వచ్చేవాడు. 'మా, నోరు సచ్చిపోయిందిమా. ఒక్క పూట' అన్నాడు. కన్నదాన్ని... ఎట్ల కాదనేది? ఒక్క పూట అనుకుంటే ప్రతి బుధవారమూ అయిపోయింది. నువ్వు చేసిపెట్టి పోయినేది ఎదురింటి ఎనుము తొట్లో పోసేదాన్ని. వాడు తిని, నేరుగా గోడ కాడికి పోయేవాడు. 'తిన్నదంతా నూకి అరగదీస్తాలేమా, సరోజకు చెప్పద్దు' అనేవాడు. ఆ కడాపటి బుధవారం మాత్రం నిద్దరొస్తాండాదని పండుకున్న్యాడు. 'రేపు చేస్తాలేమా' అన్నాడు. రేపు..."

ఆమె ఏడవలేదు. గోడ వైపు చూస్తూ, "వాడు చేయకుండా పోయినేది నేను చేస్తాండా. ఎంత చేసినా అయిపోవడం లేదు" అన్నారు.

ఏడాదిగా నేను వెతుకుతున్న జవాబు నా ఎదురుగా కూర్చుని ఉంది. దొరికితే మనసు కుదుటపడుతుందనుకున్నాను. పడలేదు. ఆమె మీద కోపం రాలేదు. మీ మీద వచ్చింది. ఇన్ని నెలలు నా పక్కన పడుకుని, ఒక్క మాట చెప్పలేదే? మీకు ఆ పచ్చ పుస్తకమంటే భయమా, లేక నేనంటేనే భయమా? చెప్పి ఉంటే నేనే వారానికొక పూట వండిపెట్టేదాన్నేమో... పెట్టేదాన్నా? నాకే తెలియదు.

అయినా వారానికి ఒక్క పూట తిండి మనిషిని చంపుతుందా? ఎవరి సంగతో అన్నట్టు తర్వాత డాక్టరును అడిగాను. అయి ఉండవచ్చు, కాకపోవచ్చు, ఎవరు చెప్పగలరు అన్నాడు. అంతే. జవాబు అనుకున్నది జవాబు కూడా కాదు.

కానీ ఆ క్షణంలో నాకు ఇవేవీ తట్టలేదు. మీ వల్ల కాదత్తమ్మా అంటే, ఓదార్పు కోసం అంటున్నానని ఆమెకు తెలిసిపోతుంది. ఏమీ అనకపోతే, మీ వల్లే అన్నట్టు. ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. నా నోట్లోంచి ఒక మాట వచ్చేసింది.

"నాకు తెలుసత్తమ్మా. ఆయనే చెప్పినారు. బుధవారం బుధవారం రాత్రి నాతో చెప్పేవారు. అందుకే గురువారం, శుక్రవారం నేను ఇంకా తగ్గించి సరిచేసేదాన్ని."

తెలిసి తెలిసి నేను రాసిన మొదటి తప్పు లెక్క ఇదే.

"వాడు చెప్పినాడా?" అన్నారు. "నీకు చెప్పద్దని నాతో ఒట్టేయించుకున్న్యాడే?"

"మీతో ఒట్టేయించుకొని నాతో చెప్పేసేవారు. ఆయన కడుపులో మాట నిలుస్తాదా?"

అత్తమ్మ, "అది నిజమే. వానికి చిన్నప్పట్నించీ అంతే" అన్నారు. కంచం దగ్గరకు లాక్కున్నారు. ఒక ముద్ద తిని, "ఉప్పు తక్కువైందమ్మా" అన్నారు. ఉప్పు కోసం లోపలికి వెళ్ళి, డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

దాంతో అంతా బాగైందని రాయాలని ఉంది. కానీ కాలేదండీ. కొన్ని రోజులు తింటున్నారు, కొన్ని రోజులు లేదు. నేను గుడికో కూరలకో వెళ్ళి వస్తే గోడ మీద చెమట తడి కనిపిస్తోంది. నమ్మారా? నా కోసం నమ్మినట్టు ఉంటున్నారా? అదీ తెలియడం లేదు.

పైగా రోజుకొకటి అడుగుతున్నారు. "ఉద్ది వడలు తిన్న్యాడని చెప్పినాడా?" "పండుమిరపకాయ కారం సంగతి చెప్పినాడా?" ఒక్కొక్కటీ అడిగి నా మొహం చూస్తారు. నాకేం తెలుసు మీరేం తిన్నారో? అయినా చెప్పారనే అంటున్నాను. మొన్న వంకాయ కూర గురించి ఏమన్నాడు అని అడిగితే, నువ్వుల పొడి కాస్త ఎక్కువైందన్నారని చెప్పేశాను. అత్తమ్మ నవ్వారు. మీరు పోయాక మొదటిసారి. "నాతో బాగుందన్న్యాడే, దొంగనాయాలు" అన్నారు.

నేనింకేం చేయగలను? వండగలను, అబద్ధం చెప్పగలను. రెండూ రోజూ చేస్తున్నాను. రెండూ చాలడం లేదు.

అందుకే మిమ్మల్ని ఒకటి అడగాలని ఈ ఉత్తరం. ఎప్పుడో ఒకనాడు అత్తమ్మ మీ దగ్గరికి వస్తారు. రాగానే ముందు అడిగేది అదే. మీరు తడబడకండి. అవునమ్మా, ప్రతి బుధవారం సరోజతో చెప్పేవాణ్ణి అనండి. నువ్వుల పొడి ఎక్కువైందని కూడా అన్నానని చెప్పండి. అది మాత్రం మరిచిపోకండి.

మీ
సరోజ