డాక్టరు గారి భార్య

కోయంబత్తూరు

ప్రియమైన అవ్వకు,

ముందుగా చేతులు జోడించి క్షమాపణ. నొయ్యలేరు ఎండిపోయినందుకు, నిన్న సాంబారులో ఉప్పెక్కువైనందుకు, ఆదాము ఆ పండు తిన్నందుకు, అన్నిటికీ తప్పు నాదే. ఇక అసలు సంగతి చదువు.

నేను ప్రూఫులు దిద్దుతున్న వైద్యుల జీవిత చరిత్రల పుస్తకంలో మన తాత ఉన్నాడు. "డాక్టర్ సవరిముత్తు: అవినాశిలో ఎన్నో ప్రసవాలు చేసిన మహా వైద్యుడు. భార్య ఆరోగ్యమేరి వైద్యశాలలో సహాయంగా ఉండేది."

తాత డాక్టరా? నువ్వు సహాయమా? కడుపు మండిపోతోంది. నీకు సులువని మన తెలుగును అరవ అక్షరాల్లోనే రాశాను. తిట్లు మాత్రం ఏ అక్షరాల్లోనూ పట్టడం లేదు.

నీ మనవడు,
కవిన్

మదురై

కవినూ, కన్నా,

ఎం.బి.బి.ఎస్. చదివింది నేను. మీ తాత నా కంపౌండరు. మందు కలపడంలో బంగారం. నెత్తురు చూస్తే మాత్రం నేనే ఆయన మొహాన నీళ్లు చల్లాలి. ఆడమనిషికి వైద్యశాల పెట్టుకోను బాడుగకు ఇవ్వనని ఇంటి యజమాని మొండికేస్తే, బోర్డు మీద ఆయన పేరు రాయించాం. అది చూసి రాసుంటారు. పోయి మంచిమాటగా చెప్పు, దిద్దుతారు.

అవ్వ

కోయంబత్తూరు

ప్రియమైన అవ్వకు,

మంచిమాటగానే చెప్పాను. ఈ పుస్తకం వేస్తున్న వైద్యుల సంఘం కార్యదర్శి పాత పుస్తకాలు రెండు నా ముందు పడేశాడు. మొదటిది నీ బోర్డు చూసి రాసింది. రెండోది మొదటిదాన్ని చూసి. మనది రెండోదాన్ని చూసి. "మూడు పుస్తకాలు అబద్ధమాడతాయా తంబీ?" అంటాడు! వైద్యుల చరిత్రంటే ఇదేనట అవ్వా, ఒక బోర్డు పెయింటరు రాసినదాన్ని తరతరాలుగా కాపీ కొట్టడం.

డిగ్రీ తెచ్చి చూపిస్తానంటే, "సంతోషం, 'కుటుంబం' శీర్షిక కింద వేద్దాం" అన్నాడు. పైగా విడుదల రోజు నిన్ను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పుతారట. డాక్టరు గారి భార్యగా! తాత ఫోటో ఒకటి పంపమన్నారు.

మండిపోతూ,
కవిన్

మదురై

కవినూ,

ఆ శాలువా వాళ్లనే కప్పుకోమను. నేను రాను. ఊళ్లో సగంమంది బొడ్డు కోసిన చేతులురా ఇవి. సహాయమట! సహాయం చేసింది మీ తాత. ఆయనే ఉండుంటే ఆ కార్యదర్శికి భేదిమందు కలిపి తాగించేవాడు.

నువ్వు రభస చెయ్యకు, ఉద్యోగం పోతుంది. అడిగారుగా, తాత ఫోటో పెట్టాను. దానికి ఇంకోటి అంటుకొని వచ్చుంటే తిప్పి పంపు. నాకు చూపు ఆనడం లేదు.

ఆరోగ్యమేరి

కోయంబత్తూరు

ప్రియమైన డాక్టరమ్మకు,

నిన్న పుస్తకం విడుదలైంది. అందరూ తెరిచారు. "డాక్టర్ సవరిముత్తు" అన్న పేరు పైన ఫోటోలో నువ్వు! మెడలో స్టెతస్కోపు, చేతిలో తలకిందులుగా అప్పుడే పుట్టిన పాప. నీ వెనక తాత, మందుసీసా పట్టుకొని, కళ్లు గట్టిగా మూసుకొని.

అవినాశి నుంచి వచ్చిన ఇరుళాయి అని ఒక ముసలమ్మ లేచి అరిచింది: "అయ్యో, ఇది మా డాక్టరమ్మ! నా ముగ్గుర్నీ బయటికి తీసింది ఈవిడే. సవరిముత్తు అంటే ఎవరు, మిక్చరిచ్చే కంపౌండరా?" ఆమె వెనక ఇంకో నలుగురు లేచారు. హాలంతా నవ్వు. కార్యదర్శికి ముచ్చెమటలు. చివరికి ప్రతి పుస్తకంలోనూ దిద్దుబాటు చీటీ అంటిస్తామని మైకులోనే ఒప్పుకున్నాడు. నీ పేరు ముందు 'డాక్టర్' ఉంటుంది. ఆ చీటీ ప్రూఫు చూసేది నేనే.

"ఎవడు చేశాడిది?" అని నన్ను నిలదీస్తే, ఒక్క అక్షరం కూడా ముట్టలేదని బైబిలు మీద ప్రమాణం చేశాను. నిజమే కదా! అవ్వా, నొయ్యలూ, ఉప్పూ, ఆదామూ, ఏదీ నా తప్పు కాదు. నేను చేసింది ఒక్కటే. అంటుకొని వచ్చిన ఫోటోను నీకు తిప్పి పంపకుండా ప్రెస్సుకు పంపాను.

నువ్వు తలకిందులుగా పట్టుకున్నవాళ్లలో ఒకడు,
కవిన్