ముందు గదిలో గుంత

గద్వాల,
6 జనవరి 2025

వనపర్తిలో ఇంటి ప్లాన్లు గీసే ఇంజనీరమ్మ అమూల్య గారికి గద్వాల జోగయ్య నమస్కారాలు.

మల్దకల్ రోడ్డు పక్కన నూట అరవై గజాల జాగాలో ఇల్లు కట్టుకోవాలని ఉంది. మాఘమాసంలో ముగ్గు పోస్తాం. పడక గదులు, వంటగది మీకు తోచినట్లు గీయండి. ముందు గది మాత్రం నేను చెప్పినట్లే ఉండాలి. కిటికీ పక్కన నేలలో రెండున్నర అడుగుల లోతు గుంత కావాలి. అది లేకపోతే నా భార్య ఎల్లమ్మ కొత్తింట్లో కాలు పెట్టదు. "నువ్వొక్కనివే పోయి పండుకో, నేను ఈడనే ఉంట" అని తేల్చేసింది. నలభై ఏళ్ల కాపురంలో ఆమె అన్న మాట వెనక్కి తీసుకోగా నేను చూడలేదు.

ఇట్లు,
జోగయ్య

తా.క. ఫోన్ చేయకండి, మా ఇంట్లో చప్పుడుకు వినపడదు. పైగా మా అన్న కొలతలన్నీ ఫోనులోనే చెబితే మేస్త్రీ కిటికీని పక్కింటి వంటగది వైపు పెట్టాడు. ఇప్పుడు వాళ్ల పోపు వాసనతో వీళ్లు అన్నం తింటున్నారు.

వనపర్తి,
10 జనవరి

గౌరవనీయులైన జోగయ్య గారికి,

మా ఆఫీసుకు చేతిరాతతో వచ్చిన మొదటి ఉత్తరం మీదే. చాలా సంతోషం. ప్లాన్ పంపుతున్నాను. నీళ్ల సంపును ఎవరూ ముందు గదిలో కట్టుకోరు కాబట్టి దాన్ని వాకిట్లోకి మార్చాను. లోపల టైల్స్, పైన మూత, పక్కన మోటారు.

నమస్కారాలతో,
అమూల్య

తా.క. గుంత ఉల్లిగడ్డల కోసమైతే చెప్పండి. పాన్‌గల్‌లో మా నానమ్మ నర్సమ్మ ఇంట్లోనూ కిటికీ కింద ఒకటుంది. బండ తీసి ఉల్లిగడ్డలు పోసుకుంటాం.

గద్వాల,
15 జనవరి

అమూల్య గారికి,

మీ ప్లాన్ చూసి ఎల్లమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గుంత ముందు గదిలోనే, కిటికీ పక్కనే ఉండాలి. మూత వద్దు. టైల్స్ అసలే వద్దు, మట్టి కనబడాలి. అందులో నీళ్లు ఉండకూడదు, తేమ పోకూడదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాళ్లు అందులోనే ఉంటాయి కదా.

ఇట్లు,
జోగయ్య

తా.క. ఉల్లిగడ్డల సంగతి ఎల్లమ్మకు చదివి వినిపించాను. "గుంతల ఉల్లిగడ్డలు పోసేటోళ్లు మనకు ఇల్లు గీస్తుండ్రా" అని అడిగింది. ఏం చెప్పమంటారు?

వనపర్తి,
19 జనవరి

జోగయ్య గారికి,

కాళ్ల సంగతి ముందే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. మా అమ్మకూ మోకాళ్ల నొప్పులే. గుంతను ముందు గదిలోకి తెచ్చాను. ఎల్లమ్మ గారు కూర్చోవడానికి అరుగు, పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, వేడినీళ్లకు నల్లా పెట్టాను. నీళ్లు వద్దు గాని తేమ కావాలన్నది మాత్రం ఎంత ఆలోచించినా అంతు పట్టడం లేదు. అది ఏ వైద్యం?

నమస్కారాలతో,
అమూల్య

తా.క. దవాఖాన చీటీ ఉంటే నకలు పంపగలరు.

గద్వాల,
24 జనవరి

అమూల్యమ్మకు,

ఎల్లమ్మ కాళ్లు గుండ్రాళ్లలా ఉన్నాయి. వేడినీళ్ల నల్లా చూసి నవ్వీ నవ్వీ ఆమెకు పొలమారింది. మీ ప్లాన్ ఇప్పుడు మా వీధిలో ఇల్లిల్లూ తిరుగుతోంది. ఇది రాతకోతలతో తెగే పని కాదు. ముగ్గుకు ఇంకా మూడు వారాలే ఉంది. వచ్చే గురువారం రండి, ఇక్కడే అన్నం తిందురు గాని.

ఇట్లు,
జోగయ్య

తా.క. బస్టాండులో దిగి "కాళ్లకు నల్లా పెట్టించుకునే ఎల్లమ్మ" అని అడగండి. ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

వనపర్తి,
2 ఫిబ్రవరి

జోగయ్య పెద్దనాయనకు, ఎల్లమ్మ పెద్దమ్మకు,

గురువారం మీ ఇంట్లో ఆ గుంత మీద మగ్గం చూసి నా ప్లాన్లు మడిచి సంచిలో పెట్టేసుకున్నాను. మగ్గం అన్న ముక్క మీరు ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. ఇంటింటా మగ్గం ఉన్న మీ వీధిలో అది రాయాల్సిన సంగతే కాదని వచ్చాకే తెలిసింది. పెద్దమ్మ నన్ను గుంత అంచున కూర్చోబెట్టి, కాళ్లు కిందికి పెట్టించి, తొక్కే చెక్కలు చూపించింది. ఆ మట్టి తేమకే నూలు పోగు తెగకుండా ఉంటుందని చెప్పింది. నేను టేపు తీసి గుంత కొలిచాను.

కొలుస్తుంటే ఏదో అనుమానం వచ్చింది. ఇంటికి పోకుండా పాన్‌గల్ బస్సెక్కాను. నానమ్మ ఇంట్లో ఉల్లిగడ్డలన్నీ బయటికి తీసి ఆ గుంతా కొలిచాను. అదే లోతు, అదే వెడల్పు. కిటికీ కూడా అదే వైపు ఉంది.

నానమ్మ వచ్చి గుంత అంచున కూర్చుంది. తర్వాత చెప్పింది. "మీ తాత కాళ్లు పెట్టిన జాగ బిడ్డా అది. ఆయన పోయినంక మగ్గం అమ్మిన. గుంత పూడ్సనీకి మనసు రాలే. ఖాళీగ చూడనీకి చాతగాక ఉల్లిగడ్డలు పోసిన."

అది నేను పుట్టకముందు సంగతి. మా నాన్న బస్సు కండక్టరు. కులం సర్టిఫికెట్టులో నేతవాళ్ల కులమే రాసి ఉన్నా అది కాగితం మీది మాటే అనుకున్నాను. ఆ గుంతలోంచి ఉల్లిగడ్డలు తీస్తూ పెరిగి, అదేమిటని ఒక్కసారీ అడగనందుకు బాధగా ఉంది.

కొత్త ప్లాన్ పంపుతున్నాను. ఈసారి ముందు గుంత గీసి, దాని చుట్టూ ఇల్లు గీశాను.

మీ బిడ్డ,
అమూల్య

తా.క. ముగ్గు పోసే రోజు నానమ్మ కూడా వస్తుంది. నా టేపు మీద నమ్మకం లేదట, గుంత లోతు తనే దిగి చూస్తుందట. మీకు రెండు బస్తాల ఉల్లిగడ్డలు తెస్తున్నాం. వద్దనకండి, ఇప్పుడు మా ఇంట్లో వాటికి చోటు లేదు.