దిగాల్సిన చోటు

సోమవారం, పడుకునే ముందు.

పోయిన వారం లద్దాఖ్‌లో కొండ కనుమ ఎక్కుతున్నప్పుడు పైనుంచి రాయి దొర్లింది. కింద వస్తున్నవాళ్ళకి వినపడేలా "తప్పుకోండి!" అని అరిచాను. అంత గొంతు నాకుందని అప్పుడే తెలిసింది. ఇక మారిపోయాననుకున్నాను.

ఈరోజు గాజువాక షేర్ ఆటోలో ఇంటికొస్తుంటే మా వీధి వచ్చింది. "ఆపండి" అనలేకపోయాను. ఎప్పటిలాగే ఇంకెవరో ఆపేదాకా కూర్చుని, వాళ్ళతోపాటు దిగాను.

రోజూ చూసే డ్రైవరే. "మీ ఈది ఎనకే ఉండిపోనాది కదేటమ్మా! నోరిప్పితే ముత్యాలు రాలిపోతాయేటి?" అన్నాడు.

"కొంచెం నడుద్దామని," అన్నాను.

సిగ్గు కూడా వేయలేదు. లద్దాఖ్ మంచుకి మొద్దుబారిన వేళ్ళకి ఇంకా స్పర్శ రాలేదు, లోపల కూడా అంతే.

అక్కడ అరిచింది వేరేవాళ్ళ కోసం. ఆ రాయి నా మీదికే వచ్చుంటే, అరిచేదాన్నా...