అరగంటలో ఊడదీసే మందు

అక్కా,

నేను ప్రాణాలతోనే ఉన్నాను, కంగారుపడకు. నాతో పనిచేసే పెద్దాయన సోమవారం పోయాడు. ఒక ఇంట్లో స్నానాల తొట్టికి పాత పెయింటు ఊడదీస్తున్నాం. ఆ గదికి కిటికీ లేదు. ప్రాణానికి ముప్పు లేని కొత్త మందు వ్యానులోనే ఉంది. కానీ అది రాసి మర్నాటిదాకా ఆగాలి. "పాత మందైతే అరగంటలో ఊడొస్తుంది, ఇవాళే తెమిల్చేద్దాం" అన్నది నేనే. "కానీయ్ రా, ఆ ఘాటు నా ముక్కుకి అలవాటేలే" అన్నాడు. బకెట్టు కోసం కిందికి వెళ్ళి వచ్చేసరికి తొట్టిలోకి తల వాల్చి పడి ఉన్నాడు. ఆ ఇంటాయనా నేనూ బయటికి మోసుకొచ్చినా ప్రాణం దక్కలేదు. ఆ మాట అన్నది నేనేనని వాళ్ళావిడకు చెప్పే ముఖం లేదు. అన్నం సహించడం లేదు.

అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నావా? వంటింటి కప్పు కారడం ఆగిందా?

బావకు ఇక్కడ పని చూడమన్నావు. "ఒక మనిషి కావాలి, మీవాళ్ళెవరైనా ఉన్నారా?" అని యజమాని నిన్న అడిగాడు. ఎవరూ లేరన్నాను. బావ తిడితే తిట్టనీ, ఆయన్ను మాత్రం పంపకు.

అమ్మకు దణ్ణాలు. పిల్లలు చల్లగా ఉండాలి.

నీ తమ్ముడు