భోషాణానికి అల్లిన మేజోళ్లు

చెల్లీ,

ఆడపిల్లట! ఇద్దరూ క్షేమమట! మరిదిగారు ఫోనులో చెప్పగానే నేను వేసిన గంతులకు మా కుక్క హడలిపోయి, మంచం కింద దూరబోయి ఇరుక్కుంది.

"బిడ్డ చేతికొచ్చేదాకా పిల్లల బట్టలు ఒక్కటి కూడా అల్లకక్కా" అని నా చేత ఒట్టు వేయించుకున్నావు. పోయినసారి అల్లినవన్నీ పెట్టెలోనే ఉండిపోయాయి కాబట్టి నేనూ మారు మాట్లాడలేదు. కానీ క్రోషే సూది పట్టిన చెయ్యి ఊరికే ఉంటుందా? కూరల సంచి, నీళ్ల సీసాకు సంచి, మీ బావగారి కళ్లజోడుకు తొడుగు, అన్నీ అల్లేశాను. "ఇక మిగిలింది నేనే, నన్ను కూడా అల్లెయ్" అన్నారాయన. అప్పుడు కుక్క మీద పడ్డాను. దాన్ని భోషాణం అని పిలుస్తున్నాం, అంత పెరిగింది మరి. మెడపట్టీ చక్కగా కుదిరింది.

ఆ తర్వాత అల్లిన స్వెట్టర్లు మాత్రం దాని మూతికి కూడా పట్టలేదు. నా చెయ్యి బిగుతని నీకు తెలుసుగా, కుట్లు దగ్గర పడిపోతాయి. ఐదుసార్లూ అలాగే అయింది! పారేయలేక, ఉతికి ఈ పార్సెల్లో పంపుతున్నాను. మెత్తటి నూలే, ఒంటికి గుచ్చుకోదు.

నీ ఒట్టు తీసి గట్టున పెట్టాననుకోకు. అన్నీ కుక్కకే అల్లాను. మీ బావగారిని అడిగినా అదే చెబుతారు, కాకపోతే నవ్వుతూ చెబుతారు.

అడుగున మేజోళ్లు కూడా ఉన్నాయి, చూడు. కుక్కకు నాలుగు కాళ్లు కదా, రెండే ఎందుకు అల్లావని మాత్రం అడక్కు.

మీ అక్క