అద్దాల బీరువాలో ముప్పై ఆరు ఫొటోలు

ఏలూరు, నవంబరు 2007
ఆదివారం రాత్రి

చేపల చెరువుల సుబ్బరాజు సాయంత్రం వచ్చి తన కెమెరా పట్టుకెళ్ళాడు. వాళ్ళమ్మాయి పెళ్ళి పందిట్లో, అందరి ముందూ "ఆ డొక్కు కెమెరా లోపల పెట్టేయండి మాస్టారూ, డిజిటల్ కుర్రాళ్ళు వచ్చారు" అని నా పరువు తీసిన మనిషి. ఇప్పుడు అచ్చం నా దానిలాంటి బ్యాటరీ లేని రీలు కెమెరానే, లిమిటెడ్ ఎడిషన్ అట, అడుగున నంబరు కూడా ఉంది, అద్దాల బీరువాలో పెట్టుకోడానికి కొన్నాడు! లెన్సు తుడవడానికి మాత్రం నేనే కావలసొచ్చాను.

"మీట నొక్కకండేం. ఇంతవరకూ ఒక్క ఫొటో కూడా తియ్యలేదండీ, దాని విలువంతా అదే" అని మొన్న మరీ మరీ చెప్పి ఇచ్చాడు.

నొక్కాను. నిన్న కొత్త రీలు వేసి, మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని కొల్లేరు వెళ్ళి, ముప్పై ఆరు సార్లు నొక్కాను. ఆ టక్కుమనే చప్పుడు విన్నప్పుడల్లా కడుపు చల్లబడింది.

"నొక్కలేదు కదా?" అన్నాడు ఇవాళ.

"అబ్బే, లేదండీ."

రీలు కావాలనే లోపల వదిలేశాను. వచ్చినవాళ్ళందరికీ ఎవరూ వాడని కెమెరా అని చూపించుకోనీ, వెధవ.

ఇందాక అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అడిగింది. "పడవలో నేను నవ్వుతుంటే తీశారు చూడండీ, అది ఎప్పుడు కడిగిస్తారు?"

ఆపరేషన్ అయ్యాక తను నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు ఆ సుబ్బరాజు గుమ్మంలో నిలబడి ఏమని అడగను?